బండి వెనక కూర్చునే మనిషి

లైబ్రరీ రీడింగ్ రూములో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కొందరున్నారు. చదివి చదివి విసుగొస్తే బయట మెట్ల మీద కూర్చుని ఫోన్లలో మోటార్ సైకిళ్లు చూస్తుంటారు. ఏ బండికి ఎంత బలం, ఏది లడఖ్ దాకా పోతుంది, ఏది మధ్యలో మొరాయిస్తుంది అని వాదించుకుంటారు. నేను ఒకప్పుడు బండ్ల పని చేసినవాడినని తెలిసినప్పటి నుంచి నన్నూ వాదనలోకి లాగుతున్నారు. “తాతా, దూరం పోవడానికి ఏ బండి తీస్కోవాలె?” అని వాళ్లడిగితే నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: “వెనక ఎవరు కూసుంటరు?” కొందరు నవ్వుతారు, కొందరు సిగ్గుపడతారు. ఆ ప్రశ్న నాకు ఎక్కడ దొరికిందో వాళ్ల కోసమే రాస్తున్నాను.

నేను మోటార్ సైకిళ్ల సీట్లు కుట్టేవాణ్ణి. రాణిగంజ్ వెనక సందులో రేకుల షెడ్డు, అందులో సగం నాది. నా సగంలో కాలి మిషను, రెగ్జిన్ చుట్టలు, స్పంజి పలకలు, పొడుగాటి కత్తి. మిగతా సగం నాకంటే వయసులో పెద్దవాడైన ఒక మెకానిక్‌ది. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు, నేనూ అంతే. ఆయన ఇంజన్లు విప్పేవాడు, నేను సీట్లు విప్పేవాణ్ణి. రెండు పనులకూ మధ్య గోడ లేదు, ఒక చాయ్ ఫ్లాస్కు మాత్రం ఉండేది. కళ్లు మసకబారాక నేను పని మానేశాను. పుస్తకానికి కళ్లద్దాలు చాలుతున్నాయి గానీ సూదికి చాలలేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. తర్వాత చదివిందంతా లైబ్రరీలోనే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు. చరిత్ర, ఖగోళం, తేనెటీగలు, చేతికి ఏది దొరికితే అది చదివాను. నర్సింగ్ విద్యార్థుల కోసం రాసిన ఒక శరీరశాస్త్రం పుస్తకంలో, మనిషి కూర్చున్నప్పుడు బరువంతా అడుగున రెండు ఎముకల మీద పడుతుందని బొమ్మతో సహా చూశాను. అంతవరకూ అందరిలాగే నేనూ స్పంజి ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం అనుకునేవాణ్ణి. ఆ బొమ్మను కాగితం మీద దించుకుని మిషను ఎదురుగా అంటించాను. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. తడిపిన రంపపు పొట్టు నింపిన గుడ్డ సంచిని సీటు రేకు మీద పరిచి, చాయ్ తాగేంతసేపు బండి యజమానిని దాని మీద కూర్చోబెట్టేవాణ్ణి. ఆయన లేచాక సంచిలో పడిన అచ్చును బట్టి స్పంజి చెక్కేవాణ్ణి. “పుస్తకం సదివి సీటు కుట్టేటోన్ని నిన్నే చూసిన,” అని ఉస్తాద్ వచ్చినవాళ్లందరి ముందూ అనేవాడు. వెక్కిరింతలో కొంచెం గొప్ప కూడా కలిసి ఉండేది.

ఇక ఆ యజమానుల సంగతి చెప్పాలి. దూరప్రయాణాలు చేసేవాళ్ల గుంపు ఒకటి ఉండేది. వాళ్లందరిదీ ఒకే రకం బండి. బరువైన పాత కాలపు బండి, పొడుగాటి బల్లలాంటి సీటు, డుగ్గు డుగ్గుమనే చప్పుడు. ఆదివారం పొద్దున్నే పరేడ్ గ్రౌండ్ పక్క టీ కొట్టు ముందు ఆ బండ్లను వరుసగా నిలిపేవారు. గుంపులో ఎవరైనా వేరే రకం బండి కొంటే దాన్ని ఆ వరుసలో నిలపకూడదు, రోడ్డు అవతల నిలుపుకోవాలి. మనిషితో గొడవేమీ లేదు, రోడ్డు దాటి వచ్చి చాయ్ తాగవచ్చు, మాట్లాడవచ్చు. బండి మాత్రం అవతలే. చాయ్ అందిస్తూ “రావయ్యా గద్దార్” అని, అంటే ద్రోహి అని, పిలిచేవారు. నవ్వుతూనే పిలిచేవారు గానీ, అవతల బండి నిలిపినవాడు ఆ చాయ్ తాగినంతసేపూ తన బండి వైపు చూడకుండా ఉండటం నేను గమనించాను.

ఆ వరుసలో మొదటి స్థలం అల్వాల్‌లో ఉండే ఒక పెద్దాయనది. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు. మేం ఆయనను సిగ్నల్ సార్ అనేవాళ్లం. గుంపులో చాలామంది ఒంటరిగా తిరిగేవారు. ఆయన మాత్రం ఏ ప్రయాణమైనా భార్యతోనే. ఆమె సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయింది. పెళ్లయిన కొత్తలో కొన్న ఆ బండి మీదే ఇద్దరూ ఇన్నేళ్లూ తిరిగారు. వాళ్ల బండి ఎదురొస్తే చప్పుడుకంటే ముందు మాటలు వినిపిస్తాయని ఉస్తాద్ అనేవాడు. వెనక నుంచి ఆమె ఏదో చెబుతూ ఉండేది, ఆయన తల ఊపుతూ నడిపేవాడు, రెండు హెల్మెట్లూ తగులుకుంటూ ఉండేవి.

ఒక రోజు సార్ ఒంటరిగా షెడ్డుకు వచ్చాడు. బండి స్టాండు వేసి, దిగకుండా దాని మీదే కూర్చున్నాడు.

“ఆమె ఇగ రాదట,” అన్నాడు.

“ఏడికి సార్?”

“ఏడికైనా. నడుము నొస్తుందట. మీరు పోండ్రి, దోస్తులతోని పోండ్రి, నేనింట్ల ఉంట అంటున్నది.”

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “అందరి పెండ్లాలు పోనియ్యక పరేషాన్ జేస్తరు. మీకు ఇంట్లకెల్లి పర్మిషన్ దొరికింది. ఖుషీ చేసుకోండ్రి సార్.”

సార్ నవ్వలేదు. “ఒక్కన్నే పోయి ఏం జేస్త ఉస్తాద్? ఆడ నిలబడి చూసి మల్లొచ్చుడేనా?”

ఆ చలికాలంలో గుంపంతా ఖమ్మం మీదుగా విశాఖ సముద్రం దాకా వెళ్లాలనుకుంటున్నారు. ఆమె రాకపోతే తనూ వెళ్లనని సార్ తేల్చేశాడు. ఒక్కటే దారి ఉందన్నాడు. పాత బండి అమ్మేసి, ఈ మధ్య వస్తున్న ఎత్తు బండి కొనడం. దూరప్రయాణం కోసమే చేసిన బండి అది. గుంతల్లో కుదుపు తెలియదు, వెనక సీటు వేరుగా, ముందు సీటుకంటే జానెడు ఎత్తున ఉంటుంది. షోరూం వాళ్లు నడిపి చూడటానికి ఒక బండి పంపుతామన్నారట.

ఉస్తాద్ ముఖం చూడాలి అప్పుడు. “మీరా సార్? మొదటి జాగ మీది.”

“ఆ జాగ తీస్కొని ఏం జేసుకుంట,” అన్నాడు సార్.

ఆమె నొప్పి సంగతి నాకు కొత్త కాదు. అంతకు ముందు రెండుసార్లు సార్ చెబితే వెనక భాగం వరకే విప్పి పని చేశాను. ఒకసారి స్పంజి పెంచాను, ఒకసారి గట్టి స్పంజి వేశాను. రెండుసార్లూ ఓడిపోయాను. ఈసారి ఆమెను కూడా తీసుకురమ్మన్నాను.

“ఆమె ఎందుకు? నేను చెప్తున్న గద.”

“నొస్తున్నది ఆమెకు గద సార్.”

మరునాడు ఇద్దరూ వచ్చారు. ఆయన బండి మీద, ఆమె బస్సులో. అట్లా వేరువేరుగా రావడం చూసి ఉస్తాద్ నాకు కళ్లతో సైగ చేశాడు. టీచరమ్మ వస్తూనే నా మిషను మీద ఉన్న పుస్తకం చూసింది.

“ఏం సదువుతున్నవ్ తమ్మీ?”

“తేనెటీగల గురించి టీచరమ్మా.”

“నూనె మరకలైతే లైబ్రరీవాళ్లు ఊకుంటరా?”

“అట్ట ఏసుకున్న.”

ఆమె అట్ట తిప్పి చూసి, బాగా వేశావన్నట్టు తలూపింది. బడి వదిలాక ఒక టీచరు నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఇంకెవరూ మెచ్చుకోలేదు కాబట్టి నాకు గుర్తుంది.

ఆ రోజు సీటు మొత్తం విప్పాను. కవరు లాగేసి స్పంజిని బల్ల మీద పెట్టి చూస్తే నాకు ముందు అర్థం కాలేదు. ముందు అంచు నలిగి, నల్లబడి, రేకు దాకా కుంగిపోయి ఉంది. వెనక అంచు కూడా అంతే, అక్కడ నేను వేసిన గట్టి స్పంజి సైతం చితికిపోయింది. నడిమి భాగం మాత్రం పసుపు రంగు పోకుండా, కొత్త పలకలాగా ఉంది. ఇన్నేళ్లలో దాని మీద ఎవరూ కూర్చోనట్టే ఉంది.

ఉస్తాద్ వంగి చూశాడు. “నడుమల ఇంకో సవారీ ఎక్కించుకుంటరా సార్, షేర్ ఆటో లెక్క? ఇంత జాగ ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?”

సార్ స్పంజి మీద చెయ్యి పెట్టి చూసి, భార్య వైపు తిరిగాడు. “నువ్వు గంత ఎనకకు ఎందుకు కూసున్నవే? కమ్మీ మీద కూసున్నట్టే ఉన్నది.”

“మీరు టాంకీ మీదికెక్కి కూసుంటరు గద. నేను మీద పడ్డట్టయితదని జరిగిన. మీకు జాగ గావాలె గద.”

“నీకు జాగ గావాలని నేను టాంకీ మీదికి జరిగిన.”

తర్వాత ఆమె నేల వైపు చూస్తూ, నెమ్మదిగా, క్లాసులో కాకుండా ఇంట్లో మాట్లాడే గొంతుతో అంది: “మోకాళ్లు ముడుచుకొని ముడుచుకొని మీకు నొస్తున్నయ్. నాకు తెల్వకుండ తైలం రాసుకుంటరు, వాసన దాస్తరా? నేను లేకుంటే మంచిగ కాళ్లు చాపుకొని కూసుంటరనుకున్న.”

“అంటే నడుము నొప్పి అబద్ధమా?”

“అబద్ధం గాదు. జెర ఎక్కువ జెప్పిన.”

ఉస్తాద్‌కు ఉన్నట్టుండి ఏదో ప్లగ్గు తుడిచే పని గుర్తొచ్చి తన సగంలోకి వెళ్లిపోయాడు. నేను కత్తి నూరుకున్నాను. అది అప్పటికే పదునుగా ఉంది.

సంచి పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఆయనను వెనక్కి, ఆమెను ముందుకు జరిపి, ఇద్దరి మధ్య చిన్న గట్టులాగా మెట్టు వచ్చేట్టు స్పంజి చెక్కి, రెండు రోజుల్లో కుట్టి ఇచ్చాను. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఆయన మోకాళ్లు హాయిగా మడిచాడు. ఆమె నడుము నిటారుగా నిలబడింది. సార్ ముఖం వెలిగిపోయింది. బండి స్టార్టు చేసి ఆ డుగ్గు డుగ్గు వింటూ, “ఇగ ఆ షోరూం వాళ్లకు వద్దని ఫోన్ చేస్త,” అన్నాడు. ఉస్తాద్ కూడా, “నేను ముందే చెప్పిన, బండిల తప్పు లేదని,” అన్నాడు. ఆయన ముందేమీ చెప్పలేదు.

టీచరమ్మ మాత్రం దిగి హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుంది. “ఆ ఎత్తు బండి రేపే వస్తదన్నరు గద?”

“ఇప్పుడెందుకే? మనది మంచిగైంది గద.”

“మంచిగైంది. కాదంటున్ననా? ఒక్కపారి కూసోని చూస్త, రానియ్యుండ్రి.”

మరునాడు పొద్దున ఎత్తు బండి మా సందులోకి వచ్చింది. అది నిలబడితే మిగతా బండ్లు కూర్చున్నట్టు కనిపించాయి. టీచరమ్మ చీర కొంగు దోపుకుని ఫుట్‌రెస్టు మీద కాలుపెట్టి పైకి చూసింది. “లైబ్రరీల పై అర పుస్తకాలకు స్టూలుంటది గద తమ్మీ, గసొంటిది గావాలె దీనికి,” అంది. నేను నిజంగానే స్టూలు తెచ్చి వేశాను. ఎక్కి కూర్చున్నాక ఆమె తల సార్ హెల్మెట్‌కు పైన వచ్చింది.

వాళ్లు ముందు, ఉస్తాద్ బండి మీద మేమిద్దరం వెనక. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కాం. నేను ఆమె నడుమునే చూస్తూ వెళ్లాను, అది నా పని కాబట్టి. నడుము బాగానే ఉంది. కానీ ఆమె మాట్లాడటం లేదు. ఎప్పుడూ ఆయన చెవి దగ్గర ఉండే ముఖం ఇప్పుడు పైన ఎక్కడో ఉంది. అటు చూస్తోంది, ఇటు చూస్తోంది, ఒక్క మాట లేదు. ఉస్తాద్ వెనక్కి తిరిగి గాలిలో అరిచాడు: “చూసినవా, మాటలు బందయినయ్. ఇది సంసారాలు కూలగొట్టే బండి.” నాకూ భయంగానే ఉంది.

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర ఆపారు. సార్ ముందు దిగి, చెయ్యి ఇచ్చి ఆమెను దింపాడు. ఆయన గొంతులో కొంత బాధ, కొంత ఊరట.

“అయిపాయె. నచ్చలే గదా నీకు? తొవ్వంత ఒక్క మాట సుత మాట్లాడలే.”

ఆమె హెల్మెట్ తీసి చెదిరిన జుట్టు సర్దుకుంది. “ఎన్నేండ్లయింది మనం తిరగవట్టి? ఎన్ని ఊర్లు పోయినం? ఎంత దూరం పోయినా నాకు ఎదురుంగ కనవడ్డది మీ హెల్మెట్ ఎనక భాగమే. దాని మీద గీతలు ఏడేడ ఉన్నయో కండ్లు మూసుకొని చెప్త. ఇయ్యాల రోడ్డు కనవడ్డది. అల్వాల్ దాటినంక గుట్టలున్నయని గిప్పుడు చూసిన.”

సార్ బండి వైపు చూశాడు. “మరి మనం మాట్లాడుకునుడెట్ల? గాలికి ఏం వినవడది.”

“ఇన్నేండ్లు మాట్లాడుకుంటనే ఉన్నం గద. ఇగ జెర చూడనియ్యుండ్రి.”

ఉస్తాద్ నవ్వబోయి ఆపుకున్నాడు. సార్ కట్ట మీద కొంచెం దూరం నడిచి, నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు చూస్తే నాకు జాలేసింది. మంచి సీటుతో పాత బండి దక్కిందని ముందురోజే సంతోషపడ్డాడు. ఇప్పుడు బండీ పోతుంది, చెవి దగ్గరి మాటా పోతుంది. ఆమె వస్తుంది గానీ, ఆ రెండూ లేకుండా వస్తుంది.

నేను ఎముకల గురించి చదివాను, బరువు గురించి చదివాను, గుర్రపు జీనుల చరిత్ర కూడా చదివాను. కళ్లు కూడా సీటు మీదే కూర్చుంటాయని నాకు తట్టలేదు. ఇన్నేళ్లు మా దగ్గరికి వచ్చిన యజమానులు ప్రాణంలా చూసుకున్నది ముందు సీటు నుంచి కనిపించే బండినే. వెనక కూర్చున్నవాళ్లకు ఆ బండి ఎట్లా కనిపించేదో వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. వెనక కూర్చున్నవాళ్లు చెప్పకపోయింది అలిగి కాదు, అడిగినవాళ్లు లేక.

సార్ తిరిగి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. “దీని ఎనక సీటు జెర కోస్తవా? కొంచెం కిందికి దించితే ఆమె మాట వినవడుతదేమో.”

ఆయన వెనక, ఆయనకు కనిపించకుండా, టీచరమ్మ నా వైపు చూసి వద్దని తల ఊపుతోంది. ఇద్దరూ నా గిరాకీలే. నేను ఉన్న మాట చెప్పాను. “కొయ్యొచ్చు సార్. కోస్తే మీకు మాట వినవడుతది. ఆమెకు రోడ్డు పోతది.”

ఆయన చాలాసేపు సీటు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అట్లా ఆనించినప్పుడు మనుషులు స్పంజిని నొక్కి చూస్తుంటారు, మా పనిలో అది రోజూ చూసేదే. ఆయన నొక్కి చూడలేదు. “వద్దు తియ్యి,” అన్నాడు చివరికి. “ఉండనియ్యి.”

ఆ నెలలోనే ఎత్తు బండి కొన్నారు. పాత బండిని ఎవరో తెలియనివాడికి అమ్మడానికి సార్‌కు మనసొప్పలేదు, గుంపులోనే ఒకతను తీసుకున్నాడు. అందుకని అది ఇంకా ఆదివారం వరుసలోనే నిలబడింది. మొదటి ఆదివారం నేను కావాలనే వెళ్లాను. సార్ కొత్త బండిని రోడ్డు అవతల నిలిపి వచ్చాడు. ఎవరూ గద్దార్ అనలేదు. అనకపోవడం ఆయనకు ఇంకా కష్టంగా ఉన్నట్టు కనిపించింది. టీచరమ్మే ఊరుకోలేదు. “ఏందయ్యా, మా ఆయనకు చాయ్ లేదా? గద్దార్ అని పిలిస్తెనే గద మీరు పోసేది,” అంది. అందరూ ఒక్కసారి నవ్వారు, ఆయనా నవ్వాడు. చాయ్ తాగుతూ వరుసలో మొదట నిలిచిన తన పాత బండిని చూస్తూ నిలబడ్డాడు. రోడ్డు అవతల ఉన్న కొత్త బండి వైపు కూడా రెండు మూడుసార్లు చూశాడు.

చలికాలంలో విశాఖ వెళ్లి వచ్చారు. కొన్నాళ్లకు సార్ ఏదో సంచి పట్టీ కుట్టించుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. టీచరమ్మ బయట బండి మీదే కూర్చుని ఉంది. దిగి మళ్లీ ఎక్కడం ఎందుకని దిగలేదట.

“సీటు ఎట్లున్నది సార్?” అన్నాను.

“సీటుకేం, మంచిగనే ఉన్నది. మొదట జెర తక్లీఫ్ అయింది. నార్కట్‌పల్లి కాడ ఎనకకెల్లి నా ఎడమ భుజం మీద కొట్టింది. ఏమైందో అని భయపడి పక్కకు ఆపిన. ‘ఆపమన్ననా? చూడమన్న’ అన్నది. ఆమె మాట వినవడదు గద, అందుకని ఎడమ దిక్కు ఏమన్న ఉంటే ఎడమ భుజం, కుడి దిక్కు ఉంటే కుడి భుజం. సిగ్నల్ పని నాకు నేర్పుతున్నది.”

ఉస్తాద్ ఇంజన్ మీది నుంచి తల ఎత్తాడు. “ఇంతకు ఏం చూపెట్టింది సార్?”

సార్ పట్టీని చేతికి చుట్టుకున్నాడు.

“చెరువు. పెద్ద చెరువు, తామరలు, కొంగలు. ఆ తొవ్వల ఎన్నిసార్లు పోయిన్నో నాకే తెల్వదు ఉస్తాద్. ఏడ గుంతున్నదో, ఏడ స్పీడ్ బ్రేకరున్నదో నోటికి చెప్త. ఆడ చెరువున్నదని నాకు తెల్వదు.”

బయట నుంచి హారన్ మోగింది. ఎత్తు మీది నుంచే వంగి టీచరమ్మ నొక్కింది. ఆయన పట్టీ తీసుకుని వెళ్లిపోయాడు.